తడి మీద బతికే కప్ప



స్మారకోపన్యాసానికి పిలిస్తే మొదటి అరగంట పోయినవారిని పొగడటం మనకు రివాజు. ఈ సభ ఎవరి పేరిట జరుగుతోందో ఆ జువాలజీ మాస్టారు బతికుండగా ఎవరైనా ఆ పని మొదలుపెడితే కుర్చీ వెనక్కి జరిపి లేచి వెళ్లిపోయేవారు. అందుకని ఆయన గురించి ఇవాళ్టి విషయానికి పనికొచ్చే ముక్క ఒక్కటే చెబుతాను. ఈ చుట్టుపక్కల బైపీసీ చదివినవాళ్లలో చాలామంది కప్పను మొదటిసారి దగ్గరగా చూసింది ఆయన ల్యాబులోనే. మైనం ట్రేలో వెల్లకిలా పడుకోబెట్టి, నాలుగు కాళ్లకూ గుండుసూదులు గుచ్చిన కప్ప. క్లోరోఫాం వాసన. రికార్డు పుస్తకంలో ధమనులకు ఎర్ర పెన్సిలు, సిరలకు నీలం పెన్సిలు. గుండె ఇంకా కొట్టుకుంటూనే ఉందని వెనక బెంచీలోంచి ఒకమ్మాయి ఏడుపు. ఆ కప్పలన్నీ కాలవగట్ల వెంబడి, వరిచేలల్లో పట్టి తెచ్చినవే. 2011లో యూజీసీ ఈ కోతలు తగ్గించమని మార్గదర్శకాలిచ్చింది. తర్వాత క్రమంగా ల్యాబుల్లోంచి కప్ప మాయమైంది. కప్పకు మంచిదే జరిగింది. పిల్లలకు మాత్రం సగమే మంచి జరిగింది. కోయడం మానేశారు సరే, బతికున్న కప్పను చూడటం మొదలుపెట్టలేదు.

నేను ఇవాళ మాట్లాడబోయేది మాస్టారి ట్రేలోకి ఎన్నడూ రాని కప్ప గురించి. పట్టిసీమ రేవులో నిలబడి ఎగువకి చూస్తే కనిపించే కొండల వరసలో, అంటే తూర్పు కనుమల అడవుల్లో, నీటి అవసరం లేకుండా పిల్లల్ని పెట్టే రెండు మూడు సెంటీమీటర్ల ప్రాణి గురించి.

నీటి అవసరం లేకుండా అనగానే ముందు వరసలో ఒకరిద్దరు నవ్వారు. కప్పకి నీళ్లు అక్కర్లేకపోవడమేమిటని. ఆ నవ్వు నాకు తెలుసు. కప్పా నీళ్లూ మనకి విడదీయరాని జంట. వానలు ఎగ్గొట్టిన ఏడు ఆడవాళ్లు రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటికీ తిరిగి నీళ్లు పోయించుకునే కప్పతల్లి ఆట మన ఊళ్లలో చాలాకాలం నడిచింది. ఋగ్వేదం ఏడో మండలంలో 103వ సూక్తం మొత్తం కప్పలదే. ఏడాదంతా మౌనంగా పడుకుని తొలకరికి గొంతులు విప్పిన కప్పల్ని అందులో వేదం వల్లించే బ్రాహ్మణులతో పోల్చారు. ఆ మండలం వసిష్ఠుడి పేరు మీద ఉంది. ధవళేశ్వరం దాటాక గోదారి చీలికల్లో ఒకదానికీ ఆయన పేరే. వేదర్షి నుంచి మన అమ్మమ్మల దాకా అందరూ ఒప్పుకున్న సంగతి ఒకటే, వాన వస్తే కప్ప, కప్ప అరిస్తే వాన.

డెల్టా కప్పల విషయంలో అది నిజమే. జూన్‌లో మొదటి గట్టి వాన పడిన రాత్రి చేలగట్టు మీదికి టార్చిలైటు పట్టుకుని వెళ్లండి. ఏడాదంతా మట్టిరంగులో, పాచిరంగులో ఉండే పెద్ద కప్ప ఆ రాత్రి నిమ్మపండు పసుపులోకి మారి ఉంటుంది. మగది మాత్రమే. దవడల కింద రెండు పక్కలా నీలం రంగు తిత్తులు ఉబ్బిస్తూ అరుస్తుంది. చూసినవాళ్లు అది మన కప్పేనంటే నమ్మరు. ఆ వేషం కొద్దిరోజుల ముచ్చటే, మళ్లీ పాత రంగే. ఈ కప్ప గుడ్లు వేలల్లో పెడుతుంది, నిలవనీటిలో పెడుతుంది, వాటిలో నూటికి తొంభైకి పైగా చేపలకీ కొంగలకీ నీటిపురుగులకీ పోతాయి. ఆ లెక్క దానికి సరిపోతుంది, ఎందుకంటే నీళ్లు అంతటా ఉన్నాయి. 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ ఈ డెల్టాలో కాలవ లేని ఊరు లేదు. మనం వరి కోసం తవ్వుకున్నాం, కప్పలు వాడుకున్నాయి.

ఈ కప్పకు ఒక పాడుకాలం కూడా వచ్చింది. యూరప్, అమెరికా హోటళ్లలో కప్పకాళ్ల వంటకానికి గిరాకీ పెరిగి, 1980ల మొదట్లో మన దేశం నుంచి ఏడాదికి వేల టన్నుల్లో గడ్డకట్టించిన కాళ్లు ఓడలెక్కాయి. కాళ్లే పోయేవి, మిగతా ఒళ్లు ఇక్కడే పారేసేవారు. పొలాల్లో పురుగు పెరుగుతోందన్న మొత్తుకోళ్ల తర్వాత 1987లో కేంద్రం ఎగుమతి ఆపేసింది. డాలర్లు వచ్చే సరుకును మనవాళ్లు చేతులారా ఆపుకున్న సందర్భాలు తక్కువ. అందుకని దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

మన పెరట్లో ఇంకొకటుంది. గోడల మీద, స్నానాలగదిలో, కొబ్బరి మట్టల సందుల్లో గోధుమరంగులో కదలకుండా కూర్చునే చెట్టుకప్ప. దీని కాపురం చూడదగింది. నీటికుండీ మీదికి వంగిన కొమ్మ మీదో, తొట్టి అంచునో ఆడది గుడ్లు పెడుతూ వెంట వచ్చే జిగటను వెనక కాళ్లతో చిలుకుతుంది. చిలగ్గా చిలగ్గా తెల్లటి నురగ గూడు తయారవుతుంది. పైపొర గాలికి ఆరి బిరుసెక్కుతుంది, లోపల తడి నిలుస్తుంది. కొద్దిరోజులకి గూడు అడుగు మెత్తబడి, తోకకప్పలు ఒకటొకటిగా కింద నీళ్లలోకి జారతాయి. గుడ్డు దశను నీటి నుంచి పైకి తెచ్చేసింది గానీ తోకకప్ప దశకి ఇంకా నీళ్లు కావాలి. సగం దూరం వచ్చిందన్నమాట.

మిగతా సగం దూరం నడిచింది అడవి కప్ప. పొదల్లో ఉంటుంది కాబట్టి పొదకప్ప అందాం. గుడ్డును ఆకు మీదో, రాలిన ఆకుల కిందో, మట్టి గుంటలోనో, కొన్ని జాతులైతే వెదురు బొంగులోనో పెడుతుంది. వేలు కాదు, పదులు. ఒక్కో గుడ్డూ తల్లి ఒంటితో పోలిస్తే పెద్దది, లోపల సొన ఎక్కువ. డెల్టా కప్ప పిల్ల చెరువులో బతుకుతూ తినాల్సిన తిండంతా ఈ తల్లి ముందే గుడ్డులో కట్టి పెడుతుంది. లోపలి పిండం తోకకప్పగా ఈదే ఘట్టమే లేకుండా, మూడు నాలుగు వారాల్లో, కాళ్లూ చేతులూ వచ్చిన బుల్లి కప్పగానే జిగురు చీల్చుకుని బయటికొస్తుంది. మనం టెన్త్ పాఠంలో గుండ్రంగా బాణాలు గీసుకుని బట్టీపట్టిన కప్ప జీవితచక్రంలో ఒక పెద్ద ముక్క దీనికి వర్తించదు.

ఇక్కడే అసలు మెలిక. కోడిగుడ్డుకి పెంకుంది, తొండగుడ్డుకి తోలులాంటి పొర ఉంది. ఈ గుడ్డుకి ఏదీ లేదు. పల్చటి జిగురు తప్ప దానికీ బయటి గాలికీ మధ్య అడ్డేమీ లేదు. చెరువులో మునిగితే పిండానికి ఊపిరాడదు. ఎండగాలి తగిలితే ఒక్క పూటలో ఎండిపోతుంది. దానికి కావలసింది నీళ్లు కాదు, తడి. మూడు నాలుగు వారాలపాటు తెగకుండా నిలిచే తడి.

ఎదిగిన కప్ప సంగతీ అంతే. కప్ప నోటితో నీళ్లు తాగదు. కడుపు కింద, తొడల దగ్గర ఉండే పల్చటి చర్మాన్ని తడి నేలకి ఆనించి కూర్చుని ఒంట్లోకి నీరు లాగుతుంది. ఊపిరిలో కొంత భాగం కూడా చర్మం ద్వారానే. చర్మం తడిగా ఉన్నంతసేపే ఆ పని జరుగుతుంది. రెండు సెంటీమీటర్ల ఒంటికి లోపలి నిల్వ తక్కువ, బయట పరుచుకున్న చర్మం ఎక్కువ. కాబట్టి పొడిగాలికి పెద్ద కప్పకంటే ముందు చిన్న కప్ప చస్తుంది.

ఈ పొదకప్పల కథలో మన తెలుగు నేల వాటా ఎంత? చిన్నదే గానీ తీసిపారేసేది కాదు. పడమటి కనుమల్లో వీటి జాతులు పదులకొద్దీ లెక్కకొచ్చాయి. మున్నార్ దగ్గర ఆనముడి కొండ మీద 2010లో పేరు పెట్టిన నారింజరంగు కప్ప ఉంది. మూడు చదరపు కిలోమీటర్ల లోపు గడ్డి దుబ్బులే దానికి తెలిసిన మొత్తం ప్రపంచం. ఆ ఏడాదే ఈ కప్పల్లో చాలావాటిని కలిపి కొత్త ప్రజాతి ఏర్పరిచి, రావోర్కెస్టిస్ అని పేరు పెట్టారు. అందులోని రావు మన సి.ఆర్.నారాయణరావు, బెంగళూరు సెంట్రల్ కాలేజీలో జువాలజీ చెప్పిన పంతులు. 1932లో ‘కరెంట్ సైన్స్’ పత్రిక మొదలైనప్పుడు మొదటి సంపాదకుడు ఆయనే. 1937లో దక్షిణాది కప్పల మీద ఆయన రాసిన వ్యాసం ఇప్పటికీ తిరగేయక తప్పదు. దురదృష్టమేమిటంటే ఆ కొత్త జాతులకి ఆధారంగా కాలేజీలో దాచిన నమూనా కప్పలు పోయాయి. సీసాలు పోతే జాతి గుర్తింపే వివాదంలో పడుతుంది. ల్యాబుల్లో పని చేసే తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఇది వినాలి. సీసా మీది చీటీ చెరిగిపోతే లోపలున్నది కప్ప కాదు, చెత్త.

తూర్పు కనుమల వైపు చాలాకాలం ఎవరూ కప్పల కోసం తిరగలేదు. విశాఖపట్నంలో పనిచేసిన పాట్రిక్ రస్సెల్ 1796లో కోరమాండల్ తీరపు పాముల మీద బొమ్మలతో పెద్ద గ్రంథం అచ్చువేశాడు. నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన జెర్డన్ 1853 ప్రాంతంలో మైదానాల కప్పల్ని కొన్నింటిని నమోదు చేశాడు. పొట్ట బూరలా ఉబ్బే ఒక నేలకప్పకి శాస్త్రవేత్త గుంతర్ 1864లో పేరు పెట్టింది మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లా నుంచి వెళ్లిన నమూనా చూసే. అన్నీ దిగువ నేలల ప్రాణులే. కొండ మీది వాటి వంతు చాలా ఆలస్యంగా వచ్చింది. 1998లో ఇంద్రనీల్ దాస్, చందా అనే ఇద్దరు విశాఖ మన్యం నుంచి ఒక చిన్న పొదకప్పను లోకానికి పరిచయం చేశారు. శాస్త్రీయ నామంలో దాని జాతి పేరు టెరెబ్రాన్స్. అంతకు ముందు ఏడాదే నర్మద పుట్టే అమర్‌కంటక్ అడవి నుంచి దాని దగ్గరి బంధువును, 2003లో ఒడిశా సిమిలిపాల్ కొండల నుంచి ఇంకో బంధువును ప్రకటించారు. ఈ చుట్టాల మధ్య గీత ఎక్కడ గీయాలన్న వాదన నిపుణులకు వదిలేద్దాం. మనకు ముఖ్యం మరొకటి. అమర్‌కంటక్, సిమిలిపాల్, మన మన్యం, మూడు చోట్లా నివాసం ఒకలాంటిదే. ఎండు మైదానాల మధ్య ఎత్తుగా లేచిన కొండ, దాని మడతల్లో నీడగా మిగిలిన తడి అడవి. మధ్యలో వందల కిలోమీటర్ల వేడి నేల. ఒక తడి మడత నుంచి ఇంకో తడి మడతకి కప్ప నడిచిపోలేదు. ఒకప్పుడు వాతావరణం ఇంతకంటే చల్లగా, చెమ్మగా ఉన్న యుగాల్లో ఆ అడవులు కలిసి ఉండాలి. ఇప్పుడు మిగిలినవి విడిపోయిన ఉమ్మడి కుటుంబపు గదులు.

శేషాచలం కథ ఇంకా విచిత్రం. శ్రీలంకలో తప్ప ఎక్కడా లేదనుకున్న ఒక పొదకప్ప, 2005లో అక్కడ పేరు పెట్టినది, మన శేషాచలం అడవుల్లో దొరికిందని హైదరాబాద్ జంతు సర్వేక్షణ కేంద్రం వాళ్లు 2023లో ప్రకటించారు. ఆ మరుసటేడు పలమనేరు దగ్గర మరో లంక కప్ప బయటపడింది. దీనికి హనుమంతుణ్ణి పిలవక్కర్లేదు. మంచుయుగాల్లో సముద్రమట్టం వంద మీటర్లకు పైగా దిగిపోయి, లంకకీ మనకీ మధ్య నేల తేలింది. కప్పలు నడిచే వచ్చాయి, లేదా వెళ్లాయి. ఉప్పునీటిని కప్ప చర్మం ఓర్చుకోదు. నడిసముద్రపు దీవుల్లో కప్పలు లేకపోవడానికి అదే కారణమని డార్విన్ 1859లోనే రాశాడు. తిరుమల కొండెక్కే భక్తకోటి పక్కనే, పొదలో, ఎవరి కంటా పడకుండా ఇన్నాళ్లూ ఉంది ఆ కప్ప.

సరే, మన కొండలకి వద్దాం. పాపికొండల్ని 1978లో అభయారణ్యం చేశారు, 2008లో జాతీయ ఉద్యానం చేశారు. వెయ్యి చదరపు కిలోమీటర్ల పైచిలుకు అడవి. లాంచీలో వెళ్లే యాత్రికుడికి కనిపించేది కొండల ముఖమే. కప్ప ఇల్లు చూడాలంటే లాంచీ దిగి, పేరంటాలపల్లి దగ్గర కొండ మీంచి దిగే సెలయేరు లాంటి చోట, ఏటి వెంబడి పైకి నడవాలి. పది నిమిషాల్లో గాలి మారిపోతుంది. పైన నల్లమద్ది, వేగి, బండారు. వాటి కింద వెదురు పొదలు. ఏటి మలుపుల్లో జీలుగు చెట్లు. జీలుగు ఉందంటే కింద చెమ్మ ఉందని గుర్తు. కొండరెడ్లు ఆ చెట్టు కల్లు మీద వేసవి గడుపుతారు.

అక్కడ వంగి, ఒక చారెడు రాలిన ఆకుల్ని పొరపొరగా తీయండి. చెయ్యి పెట్టే ముందు కర్రతో కదపండి, తేళ్లుంటాయి. పైపొర మద్దాకు, అట్టలా పెళపెళలాడుతుంది. దాని కింది పొర మెత్తబడి నలుపెక్కి ఉంటుంది, ఆకు కండ పోయి ఈనెల వల మిగిలి ఉంటుంది. మూడో పొర ఆకని చెప్పలేం, మట్టని చెప్పలేం. తెల్లటి బూజు పోగులు అల్లుకుని, పిడికిట బిగిస్తే వేళ్ల మధ్య తేమ తగులుతుంది. పైన మూడు రోజులుగా చినుకు లేకపోయినా ఈ పొరలో తడి ఆరదు. చెదలు, చీమలు, కంటికి ఆనీ ఆనని పురుగులు అన్నీ ఇక్కడే. కప్పకి పడక, వంటిల్లు, పురిటిగది అన్నీ ఈ నాలుగంగుళాల మందమే. చీకటి పడ్డాక మగకప్ప ఇందులోంచి లేచి మోకాలెత్తు ఆకు మీదికి ఎక్కుతుంది. వేలి కొసల్లో ఉన్న గుండ్రటి మెత్తలతో ఆకుని కరుచుకుని కూర్చుంటుంది. గొంతు కింద ఒకే ఒక్క తిత్తి, దాదాపు ఒళ్లంత సైజులో, వెలుతురు దాటేంత పల్చగా ఉబ్బుతుంది. వచ్చే చప్పుడు బెకబెక కానే కాదు. గాజుగ్లాసు అంచున గోటితో కొట్టినట్టు టిక్, టిక్, టిక్. చాలామంది దాన్ని కీచురాయి అనుకుని దాటిపోతారు.

ఇప్పుడు నా అసలు మాట. మనం నీళ్ల మనుషులం. నీటిని కొలవడం మనకొచ్చినంత బాగా దేశంలో ఎవరికీ రాదు. 2015 మార్చిలో శంకుస్థాపన చేసిన పట్టిసీమ ఎత్తిపోతల్లో 24 పంపులు, 8,500 క్యూసెక్కులు. ఆ నీళ్లు పోలవరం కుడికాలవలో 170 కిలోమీటర్ల దాకా నడిచి ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుస్తున్నాయి. ఎగువన పోలవరంలో 48 గేట్లు, పూర్తి మట్టం 45.72 మీటర్లు, నిల్వ 194 టీఎంసీలు. ఈ అంకెలు ఇక్కడ కిళ్లీకొట్టు దగ్గర నిలబడ్డవాడు కూడా చెబుతాడు. వరదొస్తే భద్రాచలంలో మొదటి హెచ్చరిక ఎన్ని అడుగులకో, రెండోది ఎన్ని అడుగులకో చిన్నపిల్లలకీ తెలుసు. కానీ కొండ మడతలో ఆకుల కింద తడి ఎన్ని రోజులు నిలుస్తోందో కొలిచే కొలత మన దగ్గర లేదు. దానికి క్యూసెక్కు లేదు, హెచ్చరిక లేదు. ఉన్నదల్లా ఆ టిక్ టిక్ ఒక్కటే.

జలాశయం వస్తే కప్పలకి పండగే కదా అని ఒక ఇంజనీరు మిత్రుడు నాతో వాదించాడు. డెల్టా కప్పలకి పండగే. అవి ఎక్కడ నిలవనీరుంటే అక్కడికి చేరుకుంటాయి. పొదకప్పకి మాత్రం జలాశయమంటే రెండు నష్టాలు. మునిగేది ముందు లోయలే, లోయలంటే తడి మడతలే. మట్టానికి పైన మిగిలేది ఎండు వాలు, రాతి శిఖరం. రెండోది, జలాశయం అంచు ఏడాదికోసారి దిగుతుంది, ఎక్కుతుంది. ఆ మధ్యనున్న మేర చెట్టూ పొదా లేని బురదగా, వేసవిలో బీటలువారిన నేలగా మిగులుతుంది. అడవికీ ఏటికీ మధ్య ఆ బట్టతల పడ్డాక వేడిగాలి తిన్నగా చెట్ల కిందికి దూరుతుంది. 2021 జూన్‌లో గోదావరిని స్పిల్‌వే మీదికి మళ్లించారు. దేవీపట్నం వైపు ఊళ్లు ఖాళీ అవుతున్నప్పుడు మనం మనుషుల పునరావాసం గురించి మాట్లాడాం, ఇంకా మాట్లాడుతూనే ఉన్నాం, అది తేలనిదే ఇంకో మాట ఎత్తడానికి నాకూ మొహం చెల్లదు. కొండరెడ్డి కుటుంబానికి కాలనీ ఇల్లూ పట్టాభూమీ ఇవ్వని ప్రభుత్వం కప్పకి ఏమిస్తుంది అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. అయితే ఒకటి, ఇద్దరినీ ఖాళీ చేయించింది ఒకే మట్టం రేఖ.

మునిగిన కొండలు దీవులైతే ఏమవుతుందో తెలుసుకోవడానికి పనామా వెళ్లాలి. పనామా కాలవ కోసం 1913, 14 ప్రాంతంలో చాగ్రెస్ నదికి అడ్డుకట్ట వేసినప్పుడు ఒక అడవి కొండ చుట్టూ నీళ్లు చేరి బారో కొలరాడో అనే దీవి అయింది. 1920ల నుంచి అది శాస్త్రవేత్తల చేతుల్లో ఉంది. అక్కడ గొడ్డలి ఆడదు, తుపాకి పేలదు. అయినా నేల దగ్గర తిరిగే అడవి పక్షులు దశాబ్దాల మీద ఒక్కొక్కటీ మాయమైపోయాయి. చెట్టు నిలబడ్డంత మాత్రాన అడవి నిలబడినట్టు కాదని ఆ దీవి వందేళ్లుగా చెబుతోంది.

జలాశయం ఒక్కదాని మీదే నెపం వేస్తే అది సోమరి వాదన. ఫిబ్రవరి మొదలు మే దాకా మన కొండల మీద రాత్రుళ్లు ఎర్రటి దండలు కనిపిస్తాయి. ఇప్పపువ్వు ఏరుకోడానికి చెట్టు కింద శుభ్రంగా ఉండాలని ఆకులకి నిప్పు పెడతారు. బీడీ ఆకు చిగురు బాగా రావాలని ఇంకో నిప్పు. పడమటిగాలికి ఏదో ఒకటి చెయ్యి దాటుతుంది. పెద్దచెట్టుకి ఏమీ కాదు, బెరడు కాస్త నల్లబడుతుంది, జూన్‌కి చిగురేస్తుంది. పటాల్లో అడవి పచ్చగానే కనిపిస్తుంది. పోయింది ఆ నాలుగంగుళాలు. అది మళ్లీ పేరుకోడానికి ఏళ్లు పడుతుంది. పోడును అందరూ తిడతారు గానీ, సామలూ జొన్నలూ వేసుకుని కొన్నేళ్లకి నేల వదిలేసి జరిగే పాత పోడు కంటే, అదే వాలు మీద శాశ్వతంగా కూర్చున్న జీడితోట, టేకుతోట కప్పకి ఎక్కువ చేటని నా అభిప్రాయం. టేకు వేసవి ముందే ఆకు మొత్తం దులిపేసుకుంటుంది, కింద నీడన్నదే ఉండదు. మారేడుమిల్లి వైపు రిసార్టుల్లో రాత్రి వెలిగించే చలిమంటల సంగతి నేను చెప్పక్కర్లేదు. శని ఆదివారాలు వెళ్లొచ్చేవాళ్లు మీలోనే ఉన్నారు.

ఇదంతా ఒక కప్ప కోసమా అనేవారికి కోస్టారికా బంగారు కప్ప కథ చెప్పాలి. మాంటెవెర్డె మబ్బుల అడవిలో ఉండేది. 1966లో శాస్త్రలోకానికి తెలిసింది. 1987లో ఒక వానాకాలం వెయ్యికి పైగా కప్పలు గుంటల దగ్గర చేరాయి. ఆ ఏడు గుంటలు త్వరగా ఎండిపోయాయి. మరుసటేడు పది దాకా కనిపించాయి. 1989లో ఒక్క మగకప్ప. ఆ తర్వాత లేదు. కాపలా ఉన్న అడవి, చెట్టు నరకని అడవి. తేమ తగ్గిందని కొందరు, అప్పుడే వ్యాపిస్తున్న చర్మపు బూజు తెగులని కొందరు, రెండూ కలిశాయని ఇంకొందరు. ఆ తెగులును 1998లో గానీ గుర్తించలేదు. 2004లో ప్రపంచమంతటి ఉభయచరాల్ని లెక్కగట్టినప్పుడు మూడింట ఒక వంతు ప్రమాదంలో ఉన్నాయి. 2023లో మళ్లీ లెక్కగడితే నూటికి 41. వెన్నెముక ఉన్న జంతువుల్లో ఇంతకంటే గడ్డు స్థితిలో ఉన్న వర్గం లేదు. రెండో లెక్కలో వాతావరణ మార్పు పాత్ర బాగా పెరిగింది. అంటే గొడ్డలితో, వలతో కాకుండా, కేవలం గాలి పొడిబారడం వల్ల పోయే కాలం వచ్చింది.

తూర్పు కనుమల్లో ఈ ప్రమాదం పడమటి వాటికంటే దగ్గరగా ఉందని నా నమ్మకం. పడమటి కనుమలు గోడలా ఒక వరస, ఎత్తు ఎక్కువ, వాన ఎక్కువ. వేడెక్కితే కప్ప కాస్త పైకి జరగడానికి జాగా ఉంది. మన కొండలు తెగిన కొండలు, గోదావరి ఒకచోట, కృష్ణ ఒకచోట, పెన్న ఒకచోట కోసుకుపోయాయి. ఎత్తు తక్కువ. డిసెంబరు నుంచి మే దాకా ఎండు కాలం. ఇక్కడి కప్ప ఇప్పటికే అంచు మీద కాపురం చేస్తోంది.

మాస్టారి పేరిట ఏర్పాటు చేసిన నిధి వడ్డీతో ఏటా జువాలజీలో మొదటి మార్కు తెచ్చుకున్నవారికి బహుమతి ఇస్తున్నారు. కమిటీ పెద్దలు కోప్పడకపోతే ఒక విన్నపం. ఆ డబ్బుతో రెండు మంచి టార్చిలైట్లు, ఒక చిన్న రికార్డరు, గాలి తేమను కొలిచే మీటరు కొనండి. ఈ రోజుల్లో అవి ఖరీదైనవి కావు. అటవీశాఖ వారి అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి, జాతీయ ఉద్యానంలోకి అనుమతి లేకుండా అడుగుపెట్టకూడదు. వాళ్ల బీటు సిబ్బందిలో కొండరెడ్డి యువకులుంటే వాళ్లనే ముందు నడవనివ్వండి, అడవిలో చప్పుడు వినడం వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సిందే. జూన్ నుంచి అక్టోబరు దాకా, వారానికో రాత్రి, ఒకే ఏటి వెంబడి, ఒకే చోట నిలబడి పావుగంట సేపు లైట్లు ఆర్పి రికార్డు చేయండి. తేదీ, టైము, వాన పడి ఎన్ని రోజులైంది, తేమ ఎంత, అన్నీ నోటుపుస్తకంలో పెన్సిలుతో రాయండి, పెన్ను ఇంకు తడికి అలికిపోతుంది. కప్పని పట్టుకోవద్దు. మన అరచేతి వేడీ, చేతులకి రాసుకున్న దోమల మందూ దాని చర్మానికి హాని. ఫోటో చాలు. పదేళ్లు ఇది ఆగకుండా జరిగితే, మాస్టారి శిష్యుల దగ్గర దేశంలో ఇంకే విశ్వవిద్యాలయం దగ్గరా లేని పుస్తకం ఉంటుంది.

అమ్మానాన్నలకి ఒక మాట. పిల్లల్ని పంపడానికి భయపడకండి, కానీ చెప్పులతో పంపకండి. మోకాళ్ల దాకా వచ్చే రబ్బరు బూట్లు వేయించండి. కప్పల కోసం అదే రాత్రి, అదే ఏటి వెంబడి తిరిగేది మనమొక్కళ్లమే కాదు, కట్లపాములు కూడా.